ఎర్ర పెన్నుతో మొదలుపెట్టండి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా మధిర దగ్గర పల్లెటూరు. నాకు 33 ఏళ్లు. ఎం.ఏ. తెలుగు చదివి, ప్రైవేటు స్కూల్లో ఎనిమిదేళ్లుగా తెలుగు చెబుతున్నాను. జీతం 14 వేలు. ఇప్పటికి ఏడు కథలు రాస్తే రెండు వారపత్రికల్లో వచ్చాయి. పాపకి నాలుగేళ్లు. ఇంటి నుంచే ఫ్రీలాన్స్ రచయితగా పనిచేయాలని ఉంది. ఒక వెబ్‌సైట్ వాళ్లు ముందు అయిదు వ్యాసాలు ఉచితంగా రాసి పంపమన్నారు. ఇంకొకరు రిజిస్ట్రేషన్ కింద 2,500 కట్టమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంత అడగాలి? ఉద్యోగం మానేయొచ్చా? రాత్రిళ్లు రాస్తూ కూర్చుంటే "ఊరికే ఫోన్ చూస్తోంది" అంటున్నారు అత్తమ్మ. మా నాన్న మిరప విత్తనాలు కొన్నప్పుడు ఇచ్చిన ఇంగ్లిష్ కరపత్రాన్ని సరదాగా తెలుగు చేశాను. దాన్నీ, నా కథ ఒకదాన్నీ జతచేస్తున్నాను. చూడగలరు.

సమాధానం:

అమ్మా, మీరు పంపిన రెండింటిలో కథ బాగుంది. కానీ నేను రెండుసార్లు చదివింది ఆ విత్తనాల కాగితాన్ని.

ఇంగ్లిష్‌లో నిల్వ గురించి ఉన్న వాక్యాన్ని మీరు "ఎండ, తేమ తగలని చోట, పిల్లల చేతికి అందకుండా పెట్టండి" అని రాశారు. మీ ఊరి కొట్లో నాలుగు ప్యాకెట్లు తిప్పి చూడండి. "చల్లని, పొడి ప్రదేశంలో నిల్వ ఉంచండి" అనే కనిపిస్తుంది. ఏ రైతూ ఇంట్లో "పొడి ప్రదేశం" అనడు. మీరు డ్యాంపింగ్ ఆఫ్‌ని నారుకుళ్లు తెగులు అన్నారు, డైబ్యాక్‌ని కొమ్మ ఎండు తెగులు అన్నారు, త్రిప్స్‌ని తామర పురుగు అన్నారు. ఇవి నిఘంటువు ముందేసుకుని వెతికిన మాటల్లా లేవు. చేనులో విన్న మాటలు. మీరేమో ఆ కాగితాన్ని సరదా అన్నారు, కథల్ని వృత్తి అనుకుంటున్నారు. డబ్బు సంగతి వరకూ అది తిరగేసి చూడండి. ఈ ఉత్తరంలో నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కథలు మానమని కాదు. కథకి వచ్చే పారితోషికంతో తెలుగులో ఇల్లు గడవదు, అంతే. కథలు వేసుకునే పత్రికలు కూడా తగ్గిపోయాయి. దశాబ్దాల పాటు వచ్చిన చతుర, విపుల మాసపత్రికలు 2021లో ఆగిపోయాయి. ఆదివారం అనుబంధాలు, కొన్ని వారపత్రికలు, వెబ్ పత్రికలు మిగిలాయి. వాటికి రాయండి, కానీ ఆ డబ్బుని లెక్కలో వేసుకోకండి. కథ మీద నెల ఖర్చుల బరువు పెడితే ముందు పాడయ్యేది కథే. నేను పత్రిక డెస్క్‌లో సబ్‌ఎడిటర్ ఉద్యోగం వదిలి బయటికొచ్చి 19 ఏళ్లయింది. ఇన్నేళ్లూ నా ఇంటి అద్దె కట్టింది అనువాదాలు, ప్రూఫులు, ఇతరుల పుస్తకాలకి చేసిన ఎడిటింగ్. కథలు వాటి పక్కన నిదానంగా నడిచాయి.

మీకున్న పెట్టుబడి ఏమిటో చూడండి. ఎనిమిదేళ్లుగా ఎర్ర పెన్ను పట్టుకుని పిల్లల తెలుగు దిద్దుతున్నారు. తప్పు ఎక్కడుందో మీ కంటికి ముందే కనిపిస్తుంది. ఈ నైపుణ్యం ఇవాళ అరుదైపోయింది, దానికి డబ్బిచ్చేవాళ్లు ఉన్నారు. రెండోది, మిరప. మూడోది, స్కూలు. పిల్లలకి ఏ వయసులో ఏ వాక్యం అర్థమవుతుందో మీకు తెలిసినట్టు హైదరాబాద్‌లో కూర్చున్న ఏ కంటెంట్ రైటర్‌కీ తెలియదు. "నేను ఏ విషయం మీదైనా రాయగలను" అని చెప్పుకునేవాళ్లు వందల్లో ఉంటారు, వాళ్లని ఎవరూ గుర్తుపెట్టుకోరు. "వ్యవసాయం, పిల్లల చదువు, ఈ రెండింటికీ తెలుగు రాస్తాను, దిద్దుతాను" అని చెప్పండి. పని పడ్డప్పుడు మీరే గుర్తొస్తారు.

ఇక పని ఎక్కడ ఉంటుంది అన్నది. మొదటి చోటు అనువాద ఏజెన్సీలు. కంపెనీల దగ్గర పని తీసుకుని మనలాంటివాళ్లకి పంచుతాయి. యాప్‌లలోని మాటలు, మందుల కరపత్రాలు, ఆన్‌లైన్ పాఠాలు, ట్రాక్టర్ల మాన్యువళ్లు ఇలాంటివి వస్తాయి. రేటు తక్కువే కానీ పని ఆగకుండా వస్తుంది, చేతికి వేగం వస్తుంది. రెండో చోటు విత్తనాలు, ఎరువులు, సూక్ష్మసేద్యం కంపెనీలు, రైతులతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు. వీటికి నేరుగా రాయొచ్చు. మధ్యలో ఏజెన్సీ ఉండదు కాబట్టి డబ్బు మెరుగ్గా ఉంటుంది. మూడోది ప్రచురణకర్తలు, సొంతంగా పుస్తకాలు వేసుకునే రచయితలు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు కూడా ఇప్పుడు తమ కథలూ, తల్లిదండ్రుల జ్ఞాపకాలూ పుస్తకాలుగా వేయించుకుంటున్నారు. వాళ్లకి ప్రూఫులు దిద్దేవాళ్లు, వాక్యం సరిచేసేవాళ్లు కావాలి. ప్రూఫుల పని పేజీ లెక్కన గానీ, ఫారం లెక్కన గానీ మాట్లాడుకుంటారు. ఫారం అంటే మామూలుగా 16 పేజీలు. ఈ మాట తెలియక పేజీ రేటు అనుకుని ఫారం రేటుకి ఒప్పుకున్నవాళ్లని చూశాను.

జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది. మధిరలో రైలెక్కితే మీకు దగ్గరే. ఒకరోజు వెళ్లండి. కొనడానికి మాత్రమే కాదు, స్టాల్స్‌లో ఉండే ప్రచురణకర్తలతో మాట్లాడి, మీ పేరూ ఫోన్ నంబరూ మీరు చేసే పనీ రాసిన చిన్న కార్డు ఇచ్చి రండి. రద్దీ ఉండే సాయంత్రం వద్దు, మధ్యాహ్నం తెరవగానే వెళ్లండి. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ కూడా ఇందుకు మంచి చోటే. కొంచెం చేయి తిరిగాక సాహిత్య అకాడెమీ, నేషనల్ బుక్ ట్రస్ట్, మైసూరులోని నేషనల్ ట్రాన్స్‌లేషన్ మిషన్ లాంటి సంస్థలు కూడా అనువాదాలు చేయిస్తాయని గుర్తుంచుకోండి. అక్కడ పని నెమ్మదిగా కదులుతుంది, కానీ పుస్తకం మీద అనువాదకురాలిగా మీ పేరు ఉంటుంది.

పేరు అన్నాను కాబట్టి ఒక మాట. ప్రూఫులకీ కరపత్రాలకీ మీ పేరు ఎక్కడా కనిపించదు. కథలు రాసినవాళ్లకి ఇది మొదట్లో కష్టంగా ఉంటుంది, నాకూ ఉండేది. అప్పుడు నాకు కొడవటిగంటి కుటుంబరావు గారు గుర్తొచ్చేవారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆయన చందమామలో పనిచేశారు. అంత పెద్ద రచయిత, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కథల్ని పిల్లలకి అర్థమయ్యే తేట తెలుగులో తిరగరాస్తూ కూర్చున్నారు. చదివిన పిల్లల్లో ఎందరికి ఆయన పేరు తెలుసు? ఆ తెలుగు మాత్రం మా తరానికి చదవడం నేర్పింది. నేను దాన్ని చిన్న పని అని ఎప్పటికీ అనలేను.

రేటు సంగతికి వస్తాను. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ముందు మీ గంట విలువ తెలుసుకోండి. నెలకి 26 రోజులు, రోజుకి 7 గంటలు అనుకుంటే 182 గంటలు. 14 వేలని దాంతో భాగిస్తే గంటకి దాదాపు 77 రూపాయలు. కొత్తగా అనువాదం చేసేవాళ్లు, మళ్లీ చదివి సరిచూసుకోవడంతో కలిపి, గంటకి 250 ఇంగ్లిష్ పదాలు చేయగలిగితే బాగా చేసినట్టే. పదానికి 30 పైసలు ఇస్తామన్నారనుకోండి, గంటకి 75 రూపాయలు. అంటే మీ స్కూలు జీతం కంటే తక్కువ. పైగా ఫ్రీలాన్స్‌లో ప్రతి గంటకీ డబ్బు రాదు. మెయిల్స్ రాయాలి, పని వెతకాలి, బిల్లులు పంపాలి, కరెంటు పోతే ఆగాలి. సగం గంటలే డబ్బు తెచ్చేవనుకుంటే, మీ జీతంతో సమానం కావడానికే పదానికి 60 పైసలు పైన పడాలి. కాబట్టి అది మీ నేల. దాని కింద ఒప్పుకోకండి. ఏజెన్సీ అయితే రూపాయి దగ్గర మాట మొదలుపెట్టండి. నేరుగా వచ్చిన కంపెనీ అయితే ఇంకా ఎక్కువే అడగండి. ఎక్కువ అడిగానేమో అని టెన్షన్ పడకండి. కాదంటే బేరం ఆడతారు, అంతకంటే ఏమీ కాదు.

ఇంకో ముఖ్యమైన విషయం. అనువాదానికి రేటు మాట్లాడేటప్పుడు "ఇంగ్లిష్ పదాల లెక్కన" అని స్పష్టంగా రాయించుకోండి. తెలుగు పదాల లెక్కకి ఒప్పుకుంటే మునుగుతారు. "నేను రాలేను" అని మనం రెండు మాటల్లో చెప్పేదాన్ని ఇంగ్లిష్‌లో ఏడు మాటల్లో చెప్పొచ్చు. మన భాషలో విభక్తులు, క్రియ, కాలం, వ్యతిరేకార్థం అన్నీ ఒకే మాటకి అతుక్కుంటాయి. మీరు తెలుగు టీచర్, ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఈ వ్యాకరణ పాఠమే మీ బిల్లులో ఎంత తేడా తెస్తుందో మొదటి నెలలో చూస్తారు. మంచి తెలుగు చిన్నగా ఉంటుంది. తెలుగు పదాల లెక్కన డబ్బిస్తే, వాక్యాన్ని బిగించి రాసినందుకు మీకే నష్టం వస్తుంది.

ఉచిత వ్యాసాలు అడిగిన వెబ్‌సైట్‌కి రాయొద్దు. మీ పని చూడాలనుకోవడం తప్పేమీ కాదు. రెండు మూడు వందల పదాల టెస్ట్ అడగడం మామూలే, ఏజెన్సీలన్నీ చేస్తాయి. అయిదు పూర్తి వ్యాసాలు అంటే అది పరీక్ష కాదు, పని. అడిగినవాళ్లకి ఆ విత్తనాల కాగితం, పత్రికలో వచ్చిన ఒక కథ, మీరు దిద్దిన ఒక పేజీ, ఈ మూడూ పంపండి. అవే మీ నమూనాలు. దిద్దిన పేజీలో ముందు ఎలా ఉందో, మీరు దిద్దాక ఎలా ఉందో రెండూ పక్కపక్కన ఉండాలి. చూసేవాళ్లకి అరనిమిషంలో అర్థమైపోతుంది.

2,500 కట్టమన్నవాళ్లకి మాత్రం జవాబు కూడా ఇవ్వకండి. పని ఇచ్చేవాళ్లు డబ్బు ఇస్తారు, తీసుకోరు. ఇందులో ఇంకో రకం ఉంది, అది మరీ ప్రమాదం. టైపింగ్ పని అనో, ఫారాలు నింపే పని అనో ఇచ్చి, ఆన్‌లైన్‌లో ఒక అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకుంటారు. వారం తర్వాత మీ పనిలో తప్పులున్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు, లాయర్ నోటీసు వస్తుంది, ఇంత కట్టండి అని బెదిరిస్తారు. ఇంట్లో చెప్పుకోలేక కట్టేసిన ఆడపిల్లలు నాకు తెలుసు. అలాంటిది ఎదురైతే ఒక్క రూపాయి కట్టకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్. మీ ఆధార్ కాపీ ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే భయపడకండి. ఇంట్లో వాళ్లకి మాత్రం ఇవాళే చెప్పండి.

కంపెనీలకి మీ గురించి రాసే మెయిల్ పొడుగ్గా ఉండకూడదు. నేనైతే మీ తరఫున ఇలా రాస్తాను: "నమస్తే. నేను తెలుగు అధ్యాపకురాలిని, మిరప రైతు కుటుంబం నుంచి వచ్చాను. వ్యవసాయ సమాచారాన్ని ఇంగ్లిష్ నుంచి రైతులు మాట్లాడే తెలుగులోకి అనువదిస్తాను. మీ మిరప కరపత్రంలో ఒక పేరాని నా పద్ధతిలో రాసి జతచేశాను. మీకు నచ్చితే, తర్వాతి కరపత్రానికి నాకు అవకాశం ఇవ్వండి." అంతే. "మీ తెలుగులో తప్పులున్నాయి" అని రాయకండి. ఆ తెలుగు రాసినవారే మీ మెయిల్ చదువుతూ ఉండొచ్చు. వారానికి అయిదు మెయిల్స్ పంపండి. ఎవరికి, ఎప్పుడు, ఏం పంపారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పది రోజులకి జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. చాలావరకూ జవాబులే రావు. అది మీ తెలుగు మీద తీర్పు కాదు, వాళ్లకి ఆ వారం పని లేదంతే.

పనిముట్ల గురించి క్లుప్తంగా. ఫోన్‌లో కథ రాయొచ్చేమో కానీ రోజూ అనువాదం చేయలేరు, మెడ పట్టేస్తుంది. వాడిన ల్యాప్‌టాప్ అయినా ఒకటి కొనుక్కోండి. ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో, ఇన్‌స్క్రిప్ట్ గానీ ఇంకొకటి గానీ, ఏదో ఒక కీబోర్డు మీద వేళ్లు పరిగెత్తేలా నేర్చుకోండి. కొన్ని ప్రెస్‌లు, కొందరు ప్రచురణకర్తలు ఇంకా 'అను' అనే పాత తరహా ఫాంట్లే వాడతారు. యూనికోడ్‌లో పంపినదాన్ని అనులోకి మార్చేటప్పుడు వొత్తులు చెదురుతాయి, అక్షరాలు ఎగిరిపోతాయి. అలాంటిచోట మార్చిన తర్వాత వచ్చిన ప్రూఫు ఒకసారి చూస్తానని ముందే చెప్పండి, దానికి డబ్బు విడిగా అడగండి. మాటల కోసం ఆంధ్రభారతి నిఘంటు శోధన, తెలుగు అకాడెమీ పారిభాషిక పదకోశాలు దగ్గర పెట్టుకోండి. వాటిలో దొరకనిది మీ నాన్నగారిని అడగండి.

ఇప్పుడు డబ్బు చేతికి రావడం గురించి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి. బయటికొచ్చిన రెండో ఏడు ఒక ప్రచురణకర్తకి 212 పేజీల పుస్తకం అనువదించాను. కాగితం మీద ఏమీ రాసుకోలేదు, పెద్దమనిషి మాట అనుకున్నాను. పుస్తకం వచ్చాక ఇస్తామన్నారు. పుస్తకం 14 నెలలకి వచ్చింది. ఒప్పుకున్నదాంట్లో మూడో వంతు ఇచ్చి, అమ్మకాలు లేవన్నారు. ఆ ఏడు మా అబ్బాయి స్కూలు ఫీజుకి గాజులు తాకట్టు పెట్టాను. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ పెద్ద పనీ అడ్వాన్సు లేకుండా మొదలుపెట్టలేదు. మూడో వంతు ముందు, మూడో వంతు సగం పని ఇచ్చినప్పుడు, మిగిలింది చివరి ఫైలు పంపే ముందు. చిన్న పనికి అడ్వాన్సు అడగలేం. అక్కడ కొత్తవాళ్ల దగ్గర రెండు మూడు వేలకి మించి బాకీ పేరుకోనివ్వకండి.

ఒప్పందం అంటే స్టాంపు కాగితం అక్కర్లేదు. ఒక మెయిల్ చాలు. ఏం పని, ఎన్ని పదాలు, ఏ రేటు, ఎప్పటికి ఇస్తాను, ఎన్నిసార్లు మార్పులు చేస్తాను, డబ్బు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి. ఇవి మీరు రాసి, "అలాగే" అని వాళ్లతో జవాబు రాయించుకోండి. ఫోన్‌లో మాట్లాడినా, తర్వాత "ఇందాక మనం అనుకున్నది ఇదీ" అని ఒక మెయిల్ పెట్టండి.

చాలామంది రచయితలకి తెలియని ఒక సదుపాయం ఉంది. కేంద్రప్రభుత్వపు ఉద్యమ్ వెబ్‌సైట్‌లో సూక్ష్మ సంస్థగా మీ పేరు నమోదు చేసుకోవచ్చు. ఆధార్, పాన్ ఉంటే చాలు, ఫీజు లేదు. మధ్యవర్తులు డబ్బడిగితే ఇవ్వకండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, ఇలా నమోదైన చిన్న సంస్థ దగ్గర పని చేయించుకున్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజుల్లోపు చెల్లించాలి. ఒప్పందంలో గడువు లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఎగ్గొట్టినవాళ్ల మీద ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అంతదూరం వెళ్లే అవసరం తరచుగా రాదు. బిల్లు మీద మీ ఉద్యమ్ నంబరు, కింద ఈ 45 రోజుల సంగతి ఒక వాక్యం వేయండి. కంపెనీల అకౌంట్స్ విభాగం దాన్ని గమనిస్తుంది.

బిల్లు మీద పాన్ నంబరు కూడా ఉండాలి. ఒక కంపెనీ మీకు ఏడాదిలో ఇచ్చేది 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను, కోసుకుని ఇస్తుంది, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. కోసినది పోయినట్టు కాదు. రిటర్న్ వేస్తే, మీ ఆదాయానికి పన్ను పడకపోతే వెనక్కి వస్తుంది. జీఎస్టీ గురించి ఇప్పుడు బెంగ వద్దు. సేవలకి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా నమోదు అక్కర్లేదు.

హక్కుల గురించి కథల విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఆడియో కథల యాప్‌ల వాళ్లు, యూట్యూబ్ చానళ్ల వాళ్లు ఎపిసోడ్‌కి ఇంత అని ఇస్తూ, అన్ని హక్కులూ శాశ్వతంగా రాయించుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి కాని రచయిత రాసినదానికి మొదటి హక్కుదారు మామూలుగా రచయితే. ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లో రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా లెక్కిస్తుంది. కరపత్రానికి అన్ని హక్కులూ ఇచ్చేయండి, మీరు దాన్ని మళ్లీ ఎక్కడా వాడుకోరు. మీ సొంత కథకి మాత్రం ఆడియో హక్కు ఒక్కటే, ఇన్నేళ్లకే అని రాయమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ కథని ఇవ్వకండి. వాళ్ల కోసం వాళ్లడిగిన తరహాలో ఇంకొకటి రాయండి. మీ పాప పెద్దయ్యాక అమ్మ కథల పుస్తకం వేయాలనుకుంటే అవి మీ చేతిలో ఉండాలి.

మీరు అడగలేదు కానీ, అడగాలనుకుని ఆగిపోయిన ప్రశ్న ఒకటి ఉండే ఉంటుంది. కంప్యూటరే అనువాదం చేసేస్తుంటే ఇక మనమెందుకు అని. నిజమే, పని మారింది. ఇప్పుడు ఏజెన్సీలు యంత్రం చేసిన అనువాదాన్ని ఇచ్చి, సగం రేటుకి దిద్దమంటున్నాయి. కొన్ని బాగానే ఉంటాయి. కొన్నింట్లో "క్రీమును ముఖానికి దరఖాస్తు చేయండి" లాంటివి వస్తాయి. ఒకే పేజీలో రైతుని ఒకచోట మీరు అంటుంది, ఇంకోచోట నువ్వు అంటుంది. అలాంటి పని వస్తే ముందు 200 పదాలు దిద్ది, ఎంతసేపు పట్టిందో చూసి, అప్పుడు రేటు చెప్పండి. మొత్తం మళ్లీ రాయాల్సివస్తే అది దిద్దుబాటు కాదు, అనువాదమే, పూర్తి రేటు అడగండి. చౌకగా రాసిపెట్టే పనుల్లో ధర ఇంకా పడిపోతుంది, అందులో నాకు అనుమానం లేదు. వాటి మీద ఆధారపడకండి. వాక్యం సరిగా ఉందో లేదో చూసి "దీనికి నేను పూచీ" అనగలిగే మనిషి మాత్రం కావాలి. ఎర్ర పెన్ను అని అంతగా చెబుతున్నది అందుకే. ఇంకోటి, క్లయింటు ఇచ్చిన కాగితాలు వాళ్లనడగకుండా ఆన్‌లైన్ టూల్స్‌లో వేయకండి. చాలా ఒప్పందాల్లో అది నిషేధం.

ఉద్యోగం ఇప్పుడు మానొద్దు. స్కూలుండగా రోజుకి గంటన్నర, వేసవి సెలవుల్లో రోజుకి ఆరు గంటలు పనిచేసి చూడండి. ఆ సెలవులు మీకు పరీక్ష లాంటివి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే కుర్చీలో ఎరువుల మాన్యువల్ తెలుగు చేస్తూ మీకు ఎలా ఉంటుందో అప్పుడు గానీ తెలియదు. వరసగా ఆరు నెలలు ఈ పని మీద సగటున 14 వేలు వచ్చి, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంటే, అప్పుడు మానండి. సగటు అని ఎందుకన్నానంటే ఒక నెల 22 వేలు వస్తుంది, తర్వాతి నెల మూడు వేలు. 22 వేలు వచ్చిన నెల చూసి రాజీనామా రాసినవాళ్లు నా స్నేహితుల్లోనే ఇద్దరున్నారు.

చివరికి అత్తమ్మగారి మాట. ఆవిడ అనేదాంట్లో కొంత న్యాయం ఉంది. రాత్రిపూట చేతిలో ఫోన్ వెలుగుతుంటే చూసేవాళ్లకి పనికీ కాలక్షేపానికీ తేడా తెలియదు. కాబట్టి ఫోన్‌లో రాయడం ఆపేయండి. బల్ల మీద, ల్యాప్‌టాప్ ముందు, రోజూ ఒకే వేళకి కూర్చోండి. ఆ గంటన్నర పాపని ఎవరు చూసుకుంటారో మీవారితో ముందే మాట్లాడుకోండి. అది సాయం అడగడం కాదు, ఇంటి పని పంచుకోవడం. ఇంకొకటి చేయండి. ఆ విత్తనాల కాగితం అత్తమ్మకి గట్టిగా చదివి వినిపించండి. ఆవిడ ఎక్కడ ఆగి "అంటే?" అని అడుగుతారో అక్కడ గీత పెట్టుకోండి. ఆ మాట మార్చాలి. పొలం పని తెలిసిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు, మీ మొదటి పాఠకురాలు ఆవిడే కావాలి. పని ఏమిటో ఆవిడకి తెలిసేది కూడా అలాగే.

కంపెనీకి పంపేముందు ఆ కాగితాన్ని ఇంకోసారి చూసుకోండి. నేను రెండు గీతలు పెట్టాను. రెండో పేరాలో "ఎకరానికి" అని ఒకచోట, "హెక్టారుకు" అని ఇంకోచోట ఉంది. మూలంలో హెక్టారే ఉన్నా మన రైతు ఎకరాల్లోనే ఆలోచిస్తాడు. ఒక హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు, మోతాదులన్నీ ఆ లెక్కన మార్చి, బ్రాకెట్లో హెక్టారు లెక్క ఇవ్వండి. కంపెనీ వాళ్లకి ఆ మార్పు ఎక్కడ చేశారో తప్పకుండా చెప్పండి. నాలుగో పేరాలో "దీని అర్థం" అని రాయాల్సినచోట "దీని అర్ధం" అని పడింది. మీ పిల్లల నోటుపుస్తకంలో కనిపిస్తే వదలరు కదా. దిద్ది ఈ వారమే పంపండి, ఏమన్నారో నాకు రాయండి.